పదముల లెక్క - రెండు భాషలు

వ్యాసమునకు పరిమితి విధించునప్పుడు పదముల సంఖ్యను చెప్పుట పరిపాటి. మైక్రోసాఫ్ట్ వర్డులో 'రివ్యూ' అను భాగముననున్న 'వర్డ్ కౌంట్'ను నొక్కినచో పుటలు, పదములు, పంక్తుల సంఖ్యలు వెంటనే కనిపించును. కొంత భాగమును మాత్రమే ఎంచుకొనినచో ఆ భాగపు లెక్కయే వచ్చును. లిబ్రే ఆఫీసులో ఈ వసతి 'టూల్స్' క్రింద గలదు.

అయితే యంత్రము అర్థము నెరుగదు. రెండు ఖాళీల నడుమ నున్నదానినే ఒక పదముగా గణించును. తెలుగున 'మెండోరలో' అన్నది ఒక పదము. ఉర్దూలో విభక్తి విడిగా నుండుటచే 'మెండోర మేఁ' అని రెండగును. 'పసుపు ఎండినది' అన్నచో రెండు పదములు. సంధి చేసి 'పసుపెండినది' అని వ్రాసినచో ఒకటియే. ఉర్దూ లిపిలో రే, దాల్, వావ్ వంటివి తరువాతి అక్షరముతో కలియవు. వాటి పిదప ఖాళీ విడువకున్నను కంటికి లోపము తోచదు. యంత్రము మాత్రము రెండు పదములను ఒకటిగా లెక్కించును. అక్షరములను లెక్కించుటయు సులభము గాదు: 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకు యూనికోడు విధానమున 6 సంకేతములు గలవు.

కావున ఉభయ భాషల విద్యార్థులకు ఒకే సంఖ్యను విధించుట సమానముగా తోచునే గాని సమానము గాదు. వ్యాసరచన పోటీలు నిర్వహించు సంఘమువారు భాషకొక పరిమితిని నిర్ణయించి ముందుగా తెలుపుట న్యాయము. విద్యార్థులును సంఖ్య పూరించుటకై పదములను విడదీయక, చెప్పదలచిన విషయమునే కొలతగా గ్రహింతురు గాక!