పాత బొమ్మలతో కొత్త పుస్తకం

పిల్లలూ! ఏడాది చివర గోడమీది క్యాలెండరును పారవేయకండి. దానితో చక్కని జ్ఞాపకాల పుస్తకం చేసుకోవచ్చును.

చిన్నప్పుడు నేను వార్తాపత్రిక కాగితాలు కుట్టి, మా అమ్మ రాసిన ఉత్తరాన్ని అందులో అంటించాను. కొన్నేళ్ళకు ఆ కాగితం పచ్చబడి పెళుసైపోయింది. దానితోపాటు ఉత్తరమూ చిరిగింది. కారణమేమిటో తెలుసునా? వార్తాపత్రిక కాగితంలో కొయ్యకు సంబంధించిన లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురూ, గాలీ తగిలితే అది రంగు మారుతుంది. ఆమ్లం పుట్టి కాగితాన్ని తినేస్తుంది.

కనుక నోటుపుస్తకాలలో మిగిలిపోయిన తెల్లకాగితాలు తీసుకోండి. నిలువుగా, అడ్డంగా వంచి చూడండి. ఎటు తేలికగా వంగితే అటే మడవండి. కాగితంలోని పీచు ఆ వరుసలోనే ఉంటుంది. ఎనిమిది కాగితాలు కలిపి మడిచి, మడతలో మూడు రంధ్రాలు చేసి, దారంతో కుట్టండి. పాత అట్టకు క్యాలెండరు బొమ్మ అంటిస్తే పైఅట్ట సిద్ధం. మైదాజిగురు పల్చగా రాసి, రాత్రంతా బరువు కింద ఉంచండి.

ఉత్తరాలకు మాత్రం జిగురు తగలనీయవద్దు. పుటమీద నాలుగు కాగితపు మూలలు అంటించి, వాటిలో దూర్చండి.

మొదటి పుటలో అమ్మమ్మచేతనో, తాతయ్యచేతనో నాలుగు మాటలు రాయించుకోండి. ఆ పని రేపటికి వాయిదా వేయకండి!