చంద్రుడు కొలిచే మైదానం

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడిచేతి పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమచేతి పక్క కైలాసగిరి కనిపిస్తాయి. నడుమ ఉన్న ఇసుకలో ఆదివారం సాయంత్రం ఎన్ని ఆటలు సాగుతుంటాయో చూద్దామని మొన్న కాళీమాత గుడి దగ్గర మెట్లు దిగి, సబ్‌మెరైన్ మ్యూజియం వైపు లెక్కపెట్టుకుంటూ నడిచాను. క్రికెట్ ఆటలే పదకొండు తేలాయి. పన్నెండో ఆటలోంచి టెన్నిస్ బంతి వచ్చి మోకాలికి తగలడంతో లెక్క అక్కడితో ఆగింది. "సారీ అంకుల్, బాల్!" అని అరిచిన కుర్రాడికి బంతి విసిరాను. నలభై ఏళ్ల కిందట అదే చోట నేనూ అలాగే అరిచేవాణ్ని. అప్పట్లో ‘అంకుల్’ బదులు ‘మాస్టారూ’ అనేవాళ్లం, అంతే తేడా.

మా ఇల్లు మహారాణిపేటలో. వేసవి సెలవులొస్తే బొబ్బిలి నుంచి పెదనాన్న పిల్లలు, అనకాపల్లి నుంచి అత్త కొడుకులు దిగేవారు. సాయంత్రం నాలుగు దాటగానే బాబాయి చంకలో బ్యాటు, అమ్మ చేతిలో ఆవ పెట్టిన పులిహోర క్యారేజీ, అక్క చేతిలో దుప్పటి, మిగిలినవాళ్ల చేతుల్లో చెప్పులు. బీచ్‌కి ఊరేగింపులా నడిచేవాళ్లం. ఒడ్డునే రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉంది కాబట్టి దీనికి రామకృష్ణా బీచ్ అని పేరు. ఆ పేరు పూర్తిగా పలికే విశాఖ మనిషిని నేనింతవరకూ చూడలేదు. తూర్పు తీరం కావడం వల్ల సూర్యుడు పొద్దున నీళ్లలోంచి లేచి, సాయంత్రం ఊరి మేడల వెనక దిగుతాడు. ఆడేవాళ్లకి ఇదో వరం. అస్తమించడానికి చాలా ముందే ఇసుక మీదకి నీడ పాకుతుంది, కళ్లలో ఎండ పడదు, క్యాచ్ వదిలేసినవాడికి సాకు దొరకదు.

పొడి ఇసుకలో బంతి లేవదు. కెరటం వచ్చి వెనక్కి వెళ్లాక మిగిలే తడి పట్టీ ఒక్కటే గచ్చులా గట్టిగా ఉంటుంది. అందుకని ఇక్కడ పిచ్ ఎప్పుడూ నీటి అంచు వెంబడే పడుతుంది. ఒక చివర డాల్ఫిన్స్ నోస్ ఎండ్, రెండో చివర కైలాసగిరి ఎండ్. ఏ లార్డ్స్ మైదానానికీ తీసిపోని పేర్లని బాబాయి నమ్మకం. వేసవిలో గాలి నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి బౌలింగ్ వేసేవాడు డాల్ఫిన్స్ నోస్ ఎండే కావాలంటాడు. అప్పుడు అవతలి చివర నిలబడ్డ కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి లెగ్ సైడ్ అంతా బంగాళాఖాతమే. అటు గాల్లోకి కొడితే అవుట్. నేల మీదుగా పోయి నీళ్లలో పడితే రెండు పరుగులు. పెద్ద కెరటం వచ్చిందంటే చెప్పులు పేర్చి కట్టిన వికెట్ దానంతటదే పడిపోతుంది, అది అవుట్ కాదు. అన్నిటికన్నా పెద్ద తగువు నో బాల్ దగ్గరే. క్రీజు గీత గీసిన మరో నిమిషానికి నీళ్లు చెరిపేస్తాయి. కాలు గీత దాటిందో లేదో తేల్చడానికి గీత ఉండదు. మా ఇంట్లో ఇప్పటికీ తేలని నో బాల్ ఒకటుంది. పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా అనకాపల్లి బావ దాన్ని తవ్వి తీస్తాడు.

అసలు విశేషం ఈ మైదానం కొలత. ఒక ఆదివారం ఇరవై అంగల వెడల్పున్న తడి పట్టీ, మరుసటి ఆదివారం అదే వేళకి వెళ్తే ఎనిమిది అంగలు కూడా ఉండేది కాదు. సముద్రం మా మీద పగబట్టిందనుకునేవాళ్లం. పెదజాలరిపేట ముసలాయన ఒకాయన, తెప్ప పక్కన వల బాగుచేసుకుంటూ, ఓ రోజు విడమరిచి చెప్పాడు: "పోయినాదోరం మీరొచ్చినేలకి పాటు. ఈ ఆదోరం పోటు. ఏటి చిత్రం బాబూ?" ఆయన చెప్పింది పెద్దయ్యాక కాగితం మీద వేసి చూస్తే అచ్చం సరిపోయింది. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు నుంచి పాటుకి ఆరు గంటల పైచిలుకు. చంద్రుడు రోజూ ఆలస్యంగా ఉదయిస్తాడు కనుక పోటు వేళ కూడా రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఏడు రోజులకి 350 నిమిషాలు, అంటే ఆరు గంటలకి కాస్త తక్కువ. ఈ ఆదివారం అయిదింటికి సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉంటే, వచ్చే ఆదివారం అయిదింటికి బాగా ముందుకొచ్చి ఉంటుంది. వారానికోసారి మాత్రమే ఆడే పిల్లలకి మైదానం ఒక వారం పెద్దది, ఒక వారం చిన్నది. అమావాస్య, పౌర్ణమి నాళ్లలో పోటుకీ పాటుకీ నీటిమట్టంలో తేడా విశాఖలో సుమారు మీటరున్నర. అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. గుజరాత్‌లో ఖంభాత్ దగ్గర పది మీటర్ల దాకా లేచే పోటుతో పోలిస్తే ఇది ఏ మూలకి? కానీ ఏటవాలు ఇసుక మీద ఆ మీటరున్నరే ఒక ఫీల్డర్‌ని నిలబెట్టాలా వద్దా అన్నది తేలుస్తుంది.

బంతి సంగతి ఇంకా చిత్రం. సముద్రంలో పడ్డ బంతి ఊరికే పోదు. కెరటాలు దాన్ని కాసేపు ఆడించి మళ్లీ ఒడ్డుకి తెస్తాయి, కాకపోతే పడ్డ చోటికి కాదు. వేసవిలో ఎడమకి, అంటే కైలాసగిరి వైపు జరిగి తేలేది. సంక్రాంతి సెలవుల్లో కుడికి, హార్బర్ వైపు. మా జట్టులో అందరికన్నా చిన్నవాడికి ఒడ్డు వెంట నడుస్తూ బంతిని కనిపెట్టే ఉద్యోగం ఉండేది. ఏ కాలంలో ఎటు నడవాలో వాడికి మాకన్నా బాగా తెలుసు. నైరుతి గాలుల కాలంలో కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని తాకుతాయి, తిరిగి వెళ్లేటప్పుడు నేరుగా వెళ్తాయి. అలా మెలికలు తిరుగుతూ ప్రతి కెరటమూ నీళ్లలో ఉన్నదాన్ని కాస్త ఉత్తరానికి జరుపుతుంది. చలికాలంలో గాలి, ప్రవాహం రెండూ తిరగబడతాయి.

బంతికి జరిగేదే ఇసుకకీ జరుగుతుంది. అక్కడే ఈ బీచ్ కథలో పోర్టు ప్రవేశిస్తుంది. 1933లో విశాఖ హార్బర్ తెరిచారు. ఓడలొచ్చే కాలువని కెరటాల నుంచి కాపాడటానికి డాల్ఫిన్స్ నోస్ దగ్గర రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి కావాలనే ముంచారు. ఆ పైన 1976లో రాతి గోడల కాపలాతో ఔటర్ హార్బర్ వచ్చింది. దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసుక ఆ గోడల దగ్గరే చిక్కుకుపోతుంది. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రావలసిన వాటా రాదు. ఉన్న ఇసుకని మాత్రం కెరటాలు యథాప్రకారం భీమిలి వైపు పట్టుకుపోతూనే ఉంటాయి. అందుకని పోర్టు వాళ్లు హార్బర్ దగ్గర చిక్కిన ఇసుకని డ్రెడ్జర్లతో తోడించి, గొట్టాల గుండా నీళ్లతో కలిపి ఈ ఒడ్డున పోయిస్తుంటారు. లెక్క లక్షల ఘనపు మీటర్లలో ఉంటుంది. అంటే ఆదివారం మన పిల్లలు పరుగెత్తే ఈ ఇసుకలో చాలా భాగం గొట్టంలోంచి వచ్చిందే. ఒక గుప్పెడు తీసి వెలుగులో చూడండి. పసుపు రేణువుల మధ్య మెరిసే నల్లనివి ఇల్మెనైట్, ఎర్రటివి గార్నెట్. కెరటం వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగలడం వాటి బరువు వల్లనే.

ఈ తీరంలో పెద్దవాళ్లకీ పిల్లలకీ సమానంగా నచ్చే వస్తువు కురుసుర సబ్‌మెరైన్. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు తిరిగి 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. మరుసటి ఏడాదే ఇసుక మీదకి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. పొడవు 91.3 మీటర్లు. క్రికెట్ పిచ్‌లు నాలుగున్నర వరసగా పరిస్తే ఎంతో అంత. ఇంత పొడవులోనూ 75 మంది సర్దుకుని బతికారంటే లోపలికి వెళ్తేగాని నమ్మకం కలగదు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులోంచి ముందు కాలు, తర్వాత తల, ఆ తర్వాత మిగతా మనిషి. ఆరడుగుల మా నాన్న మొదటి తలుపుకి తల కొట్టుకుని, రెండోదానికి ముందే వంగి, మూడోదానికి మళ్లీ మరిచిపోయారు. టార్పెడోల పక్కనే మంచాలు, గోడ నిండా చక్రాలు, మీటలు, గొట్టాలు. చూపించేది చాలావరకు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే. పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలడానికి కూడా చోటు లేదేమని మా అమ్మ అడిగితే, "డ్యూటీ దిగాక ఎవరికీ అంత ఓపిక ఉండదమ్మా" అన్నారు మాకు చూపిస్తున్నాయన. రోడ్డుకి అవతలి పక్క టీయూ-142 విమానం ఉంది. 53 మీటర్ల పొడవు. 2017 డిసెంబరు నుంచి అదీ మ్యూజియమే. కాస్త ఇవతలికి వస్తే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్తూపం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి ఎదురుగానే.

పొద్దుట పూట ఇది వేరే లోకం. తెల్లవారగట్ల బీచ్ రోడ్డు మీద కొంత మేర వాహనాలు ఆపేస్తారు. తారు రోడ్డు నడిచేవాళ్లది, స్కేటింగ్ పిల్లలది, షటిల్ ఆడే అక్కచెల్లెళ్లది. పక్కన స్టీలు బిందెల్లో చోడి అంబలి. మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసి గ్లాసు చేతికిస్తారు. స్కేటింగ్ ఈ ఊరికి ప్రత్యేకించి వంటబట్టిన ఆట. వుడా పార్కు రింకులో పాకడం మానగానే చక్రాలు కట్టుకున్నట్టుండే పిల్లల్ని చూడొచ్చు. ఇక 2005 ఏప్రిల్ 5న మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టాక ఆ వేసవంతా ఈ ఇసుకలో జుట్టు కత్తిరించుకున్న కుర్రాడు కనిపిస్తే ఒట్టు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటింది. అదీ ఆదివారమే. బీచ్ రోడ్డు పలకలుగా లేచిపోయింది, చెట్లన్నీ మోడులయ్యాయి. కొద్ది రోజులకే వెళ్లి చూస్తే కూలిన రెయిలింగ్ ముక్కలు మూడు పాతి పిల్లలు ఆడుతున్నారు. ఆ వికెట్లు మాత్రం ఏ కెరటానికీ పడలేదు.

ఆట అయ్యాక తిండి. ఇక్కడ మురీ మిక్చరే తినాలన్నది నా తీర్పు. మరమరాలు, పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, కొత్తిమీర, కారం. పైన నిమ్మచెక్క పిండి, డబ్బాలో గరిటెతో టకటకా కలిపి పొట్లంలో పోస్తాడు. అందులోనే గుచ్చి ఇచ్చే అట్టముక్క చెంచా. కలిపిన రెండు నిమిషాల్లో తినకపోతే మెత్తబడిపోతుంది. ఇంటికి పట్టుకెళ్లే తిండి కాదిది.

వెళ్లదలచినవాళ్లకి: ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి, రైల్వే స్టేషన్ నుంచి సిటీ బస్సులు, ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయి. సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. ఈత మాత్రం ఇక్కడ వద్దు. వెడల్పుగా వచ్చిన కెరటాల నీళ్లు ఇరుకైన పాయలుగా వెనక్కి పోతాయి. నురుగు లేకుండా ప్రశాంతంగా కనిపించే చోటే ఆ లాగుడు ఎక్కువ. పొరపాటున చిక్కితే ఒడ్డు వైపు పెనుగులాడకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. మా ఇంట్లో మోకాలి లోతు హద్దు, అది నాన్న మోకాలు కాదు, అందరికన్నా చిన్నవాడి మోకాలు. మనసారా నీళ్లలో దిగాలనుకుంటే 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండకి వెళ్లండి, అక్కడా లైఫ్‌గార్డుల మాట వినండి. బయల్దేరే ముందు ఫోన్‌లో పోటుపాట్ల వేళలు ఒకసారి చూసుకోండి, పాటు వేళకి చేరితే పిచ్ పెద్దది దొరుకుతుంది. బంతి సముద్రంలో పడితే దాని వెంట పడకండి. వేసవైతే కైలాసగిరి వైపు, సంక్రాంతైతే హార్బర్ వైపు ఒడ్డు వెంట నడవండి, దొరుకుతుంది.