వాద్యము పోయిన విద్వాంసుడు

రేడియోలో వీణ మ్రోగుచుండగా మనము రాగమును గురించి తలంతుము, విద్వాంసుని గురించి తలంతుము. ఆ వీణయే పోయినచో ఆయన గతి యేమని మాత్రము తలంపము. కొన్ననాడు వాద్యము ఒక వస్తువు మాత్రమే. పదియేండ్లు వాయించిన పిదప దాని మెట్ల యెడములును, తంత్రుల బిగియు వాయించువాని వ్రేళ్ళకు స్వభావమై పోవును. దొంగ యెత్తుకొని పోవునది ఆ చెలిమిని గూడ. కనుక ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

దొంగిలించిన వాద్యమును సొమ్ము చేసికొనుటకు రెండు త్రోవలు కలవు. దాని రూపు మాపి అందలి లోహము నమ్ముట మొదటిది. ఉన్నదున్నట్లు మరియొకరికి అమ్ముట రెండవది.

మొదటి దానికి కాశీ ఉదంతమే సాక్ష్యము. 2001లో భారతరత్న బిరుదము నందిన ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ 2006లో దివంగతులైరి. 2016 డిసెంబరులో ఆయన కుమారుని యింటినుండి వారి షెహనాయిలు పోయినవి. అందు వెండివియు కలవు. మరుసటి నెలలో పోలీసులు ఆచూకి తీయునప్పటికి వెండి కరగి ముద్దయై యుండెను. దానికి ముట్టిన వెల 17,000 రూపాయలని వారు తెలిపిరి. వెండి దొరకినది గాని ఆ వెండి షెహనాయిల రూపు దొరకలేదు.

రెండవ త్రోవలో కొంత ఆశ కలదు. 1936 ఫిబ్రవరి 28వ తేదీన న్యూయార్కులోని కార్నెగీ హాలులో హ్యూబర్‌మన్ అను ప్రసిద్ధ విద్వాంసుడు వేదికపై ఒక వయొలిన్ వాయించుచుండగా, లోపలి గదిలోని ఆయన రెండవ వయొలిన్ పోయినది. అది 1713లో ఇటలీలో స్ట్రాడివరి చేసినది. ఆయన 1947లో మరణించునంతవరకు దానిని మరల చూడలేదు. వేరొక వాద్యగాడు దాని మెరుగు కనబడకుండ బూట్ల పాలిషు పూసి, దాదాపు ఏబదియేండ్లు వాయించి, 1985లో మరణశయ్యపై భార్యకు నిజము చెప్పెను. రంగు మాసినను కఱ్ఱయు పనితనమును మారలేదు గనుక నిపుణులు దానిని గుర్తింపగలిగిరి.

బీమా ఉన్నవారు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. 2010లో లండనులోని యూస్టన్ స్టేషను వద్ద మిన్-జిన్ కిమ్ అను విదుషీమణి 1696 నాటి స్ట్రాడివరి వయొలిన్ పోయినది. 2013లో అది దొరకినది. అప్పటికే ఆమె బీమా సొమ్ము పుచ్చుకొని వేరొక వయొలిన్ కొనియుండుటచే, దొరకిన దానిపై హక్కు బీమావారిదయ్యెను. అది వేలములో 13 లక్షల పౌండ్లకు పైగా పలికినది. వాద్యము దొరకెను గాని ఆమె చేతికి రాలేదు. కావున సొమ్ము పుచ్చుకొనుటకు ముందే, తరువాత వాద్యము దొరకినచో దానిని తిరిగి పొందు వీలున్నదేమో పత్రములో చూచుకొనవలెను.

ఇక మన వాద్యముల మాట. బొబ్బిలిలో ఒకే పనస మొద్దును తొలచి వీణ చేయుదురు. ఏ రెండు మొద్దుల చారలును ఒక్క తీరున నుండవు. ఆ చారలు, చెక్కడపు పని, మరమ్మతు జరిగిన చోటు కనబడునట్లు నాలుగు వైపుల నుండి ఫొటోలు తీయించి, కొలతలు వ్రాసి, కొన్న రసీదుతో కూడ ఇంట భద్రపరుపవలెను. హార్మోనియము, శ్రుతిపెట్టె, మైకు, యాంప్లిఫైయరు మొదలగు వానిపై సంఖ్య యున్నచో దానిని వ్రాసికొనవలెను. లేనిచో లోపలి వైపున కంటబడని గుర్తు పెట్టుకొనవలెను. ప్రయాణములో వాద్యమును చేతికందునంత దూరములో నుంచుకొనుట మేలు. పోయిన నాడే పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాసియిచ్చి, ఆ ఫొటోలను వాద్యముల అంగళ్ళకును, మరమ్మతు చేయువారికిని పంపవలెను. తంత్రి తెగినను, మెట్టు కదలినను దొంగసొత్తు చేరునది వారి యొద్దకే.

కొనువారికిని బాధ్యత కలదు. దొంగసొత్తని యెరిగి కొనుట చట్టరీత్యా నేరము. మంచి వాద్యము మరీ చవుకగా వచ్చినప్పుడు అది ఎవరిదని అడుగుట ధర్మము.

మన యిండ్లలో అమ్మమ్మ వాయించిన వీణయో, తాతగారి ఫిడేలో ఒక మూల నుండుట కలదు. దాని గుర్తులు వ్రాసి యుంచుటకు అరగంట చాలును. నేటి సాయంకాలపు కచేరి ముగిసిన పిదప ఆ పని చేయుడని మా మనవి.