నిబంధనల మార్పులకు కంప్యూటరు కాపలా
బెల్లం, గోధుమ, అపరాల వర్తకులు తెలుసుకోవలసిన సంగతులు

మాడుగుల: 2022 ఏప్రిల్ 4వ తేదీన మాడుగుల వర్తకులందరి చిరునామా మారింది. ఎవరూ కొట్టు ఎత్తివేయలేదు, వీధి మారలేదు. విశాఖపట్నం జిల్లాను విడదీసి అనకాపల్లి జిల్లాను ఏర్పరచగా చోడవరం, మాడుగుల కొత్త జిల్లాలోకి వచ్చాయి. అంతమాత్రానికే హల్వా పెట్టె మీద అచ్చయిన చిరునామా, బిల్లు పుస్తకం, జి.ఎస్.టి. నమోదు, ఆహార లైసెన్సు వంటి పత్రాలన్నిటిలో జిల్లా పేరు సరిచూసుకోవలసిన పని పడింది. వర్తకుడి మీద పడే మార్పులలో ఇది అన్నిటికంటె తేలికైనది. పన్ను పెరగలేదు, సరుకు ఆగలేదు.

ఆ తరువాత మూడున్నర నెలలకే వచ్చినది అంత తేలికైనది కాదు. 2022 జూలై 18 నుంచి, ముందుగా ప్యాక్ చేసి లేబిలు వేసిన బెల్లంపై 5 శాతం జి.ఎస్.టి. విధించారు. అంతవరకు బెల్లానికి పన్ను లేదు. అనకాపల్లి యార్డులో వేలం పాడే దిమ్మకు ఆ తరువాత కూడా పన్ను లేదు. అదే దిమ్మను పగలగొట్టి, కిలో చొప్పున అచ్చు సంచిలో కట్టి, పేరు, తూకం వేస్తే పన్ను పడుతుంది. సరుకు ఒకటే, పద్దులు రెండు. బిల్లు వ్రాసే గుమాస్తాకు ఈ తేడా ఆ రోజు ఉదయానికే తెలియాలి. దారిలో లారీ ఆపి, కాగితాలు సరిగా లేవని సరుకును పట్టుకుంటే, విడిపించుకోవడానికి పన్నుకు రెండింతలు, అనగా 200 శాతం జరిమానా కట్టాలన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఇటువంటి మార్పులను కనిపెట్టి చెప్పేందుకే ప్రత్యేకంగా సాఫ్ట్‌వేరు అమ్మకానికి వచ్చింది. పెద్ద కంపెనీలు కొన్నేళ్ళుగా వాడుతున్న సరుకే ఇది. చిన్న ఊళ్ళ మండీలకు, కిరాణా టోకు వర్తకులకు ఇది ఎంతవరకు అక్కరకు వస్తుందన్నదే ప్రశ్న.

అవసరం ఉన్నదనడంలో సందేహం లేదు. అబ్జర్వర్ రిసెర్చ్ ఫౌండేషన్, టీమ్‌లీజ్ రెగ్‌టెక్ సంస్థలు 2022లో ప్రకటించిన నివేదిక దేశంలో వ్యాపారానికి వర్తించే చట్టాలు 1,536 అనీ, వాటి కింద పాటించవలసిన నిబంధనలు 69,233 అనీ, వీటిలో జైలు శిక్షకు అవకాశమున్నవి 26,134 అనీ లెక్క వేసింది. టీమ్‌లీజ్ రెగ్‌టెక్ ఇటువంటి సాఫ్ట్‌వేరును అమ్మే సంస్థే గనుక ఆ లెక్కను కొంచెం జాగ్రత్తగా చూడవలసిందే. ఏ ఒక్క కొట్టుకూ అవన్నీ వర్తించవు. మాడుగులలో ఒక బెల్లం వర్తకుడికి ఏడెనిమిది చట్టాలకు మించి పని ఉండదు. అయితే ఆ ఏడెనిమిదీ ఊరికే ఉండవు.

నిత్యావసర వస్తువుల చట్టం కింద వెలువడే నిల్వ పరిమితుల ఉత్తర్వులను చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. గోధుమ టోకు వర్తకుడికి 2023 జూన్ 12న 3,000 టన్నుల పరిమితి పెట్టారు. సెప్టెంబరులో అది 2,000కు, డిసెంబరులో 1,000కి, 2024 ఫిబ్రవరిలో 500కు దిగింది. మార్చి నెలాఖరుతో గడువు తీరింది. జూన్ 24న మళ్ళీ 3,000తో మొదలయింది. సెప్టెంబరులో 2,000, డిసెంబరులో 1,000, 2025 ఫిబ్రవరి 20న ఏకంగా 250. ఆ మార్చితో అదీ ముగిసింది. మే నెలలో మరల 3,000, ఆగస్టులో 2,000. రెండేళ్ళకు పైబడిన కాలంలో మూడుసార్లు పరిమితి పెట్టారు, ఏడుసార్లు తగ్గించారు. దీనికి తోడు ప్రతి శుక్రవారం నిల్వలను ప్రభుత్వ పోర్టల్‌లో చూపాలి.

2025 ఫిబ్రవరి ఉత్తర్వునే తీసుకుందాం. ముందు రోజున ఒక వర్తకుని గోదాములో 900 టన్నులు ఉన్నాయనుకుంటే అతడు పరిమితికి లోబడే ఉన్నాడు. మర్నాటికి 650 టన్నులు అదనం. తగ్గించుకోవడానికి ఇచ్చిన గడువు 15 రోజులు. రోజుకు 43 టన్నులు, అనగా పది టన్నుల లారీలు నాలుగింటికి పైగా కదలాలి. కబురు అయిదు రోజులు ఆలస్యంగా అందితే రోజుకు 65 టన్నులు కదలాలి. అందరూ ఒక్కసారే అమ్మజూపుతున్న మార్కెట్టులో ఆ అయిదు రోజుల ఖరీదు ఎంతో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. మాడుగుల హల్వాకు గోధుమపాలే ఆధారం. అయితే హల్వా బట్టీలకు కావలసిన గోధుమ ఈ అంకెల ముందు పిసరంత. దెబ్బ తగిలేది వారికి సరుకు తోలే టోకు వర్తకుడికి, అతని మూలంగా ధర రూపంలో వీరికి.

అపరాలలో ఇంకొక తమాషా జరిగింది. కంది, మినుములకు 2023 జూన్ 2న టోకు వర్తకుడికి 200 టన్నుల పరిమితి విధించారు. సెప్టెంబరు 25న దానిని 50కి తగ్గించారు. నవంబరులో తిరిగి 200 చేశారు. సెప్టెంబరు ఉత్తర్వును చూసి తెగనమ్ముకున్నవారు నవంబరు ఉత్తర్వును చూసి ఏమనుకున్నారో గాని, నవంబరు ఉత్తర్వు సంగతే తెలియక 50 దగ్గరే ఆగిపోయినవాడు కూడా నష్టపోయినట్లే. నిబంధన బిగించినప్పుడే గాక సడలించినప్పుడూ కబురు కావాలి.

చట్టమే మారి, మారిన చట్టం నిలిచిపోయిన సందర్భమూ ఉన్నది. నిల్వ పరిమితులను చాలావరకు సడలిస్తూ 2020 జూన్‌లో ఆర్డినెన్సు, పిమ్మట చట్ట సవరణ వచ్చాయి. సుప్రీం కోర్టు 2021 జనవరి 12న దానిని నిలిపివేసింది. జూలై 2న అపరాలపై పరిమితి రానే వచ్చింది, జూలై 19న దానినే సడలించారు. ఆ ఏడాది చివరకు సవరణ చట్టమే రద్దయింది. గెజిట్ మాత్రమే చదివి కోర్టు ఉత్తర్వును చదవని సాఫ్ట్‌వేరు ఏదైనా ఉంటే, అది ఆ ఏడాది పొడవునా తన చందాదారుకు తప్పు చెప్పినట్లే.

ఇక ఈ సాఫ్ట్‌వేరు పనిచేసే తీరు. కంపెనీ వద్ద న్యాయశాస్త్రం చదివిన సిబ్బంది కేంద్ర గెజిట్‌ను, రాష్ట్ర జీవోలను, శాఖల సర్క్యులర్లను నిత్యం చూస్తారు. కేంద్ర గెజిట్ 2015 అక్టోబరు నుంచి కాగితం మీద అచ్చుగాక కంప్యూటరు ద్వారానే వెలువడుతున్నందున ఈ పని సులువయింది. ప్రతి మార్పును ఏ సరుకుకు, ఏ రాష్ట్రానికి, ఎంత టర్నోవరు వారికి వర్తిస్తుందో విడదీసి, చందాదారు వివరాలతో జోడించి, ఎవరు ఏ తేదీలోగా ఏమి చేయాలో కబురు పంపుతారు. చేసిన పనికి రుజువుగా రసీదును అందులోనే దాచుకోవచ్చు. టాలీ వంటి పద్దుల ప్యాకేజీలు వేరు. అవి బిల్లు, రిటర్ను లెక్కలు చూస్తాయి. 2025 సెప్టెంబరు 22న నెయ్యిపై జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు, ఏ తేదీ నుంచి ఏ రేటో అందులో నమోదు చేస్తే లెక్క సరిగా వస్తుంది. పాత తేదీ బిల్లుపై వాపసు వచ్చిన సరుకుకు పాత రేటే వేయాలి గనుక, కొత్త రేటును పాతదాని మీద దిద్దేయరాదు.

కొనబోయేవారు అమ్మకందారును నిలదీసి అడగవలసినవి ఉన్నాయి. ఉత్తర్వు వెలువడిన తేదీ, అమలు తేదీ విడివిడిగా చూపుతుందా? అసలు ఉత్తర్వు ప్రతి కబురుతోపాటు వస్తుందా, లేక సారాంశమేనా? గడువుగల ఉత్తర్వు పొడిగింపును పట్టుకుంటుందా? సరుకుల బ్రోకర్లకు ఈ చివరి ప్రశ్న ముఖ్యం. గోధుమ, శనగ, పెసర మొదలయిన ఏడు సరుకుల ఫ్యూచర్స్ వ్యాపారాన్ని సెబీ 2021 డిసెంబరు 20న ఏడాదికని ఆపి, ఆనక 2023కు, 2024కు, 2025 జనవరికి, మార్చికి, పిమ్మట 2026 మార్చి 31కి పొడిగిస్తూ వచ్చింది. గడువు తేదీని నమ్ముకుని ముందుగా వ్యాపారం ఏర్పాటు చేసుకోవడానికి వీలులేకపోయింది.

రాష్ట్ర ఉత్తర్వుల సంగతి మరింత గట్టిగా అడగాలి. ఆంధ్రప్రదేశ్ జీవోలను ప్రజలు చూసే వెబ్‌సైటులో ఉంచడం 2021 ఆగస్టులో ఆపివేసి, 2024 ఆగస్టులో పునరుద్ధరించారు. దేశమంతటికీ పనికివస్తుందని చెప్పే సాఫ్ట్‌వేరు ఆ మూడేళ్ళ జీవోలను ఎక్కడి నుంచి సేకరించిందో అడిగితే దాని గట్టితనం తెలిసిపోతుంది. బెల్లం వర్తకుడికి మార్కెట్ కమిటీ ఫీజు, 1966 మార్కెట్ల చట్టం కింద లైసెన్సు, నాటుసారాకు పోతుందన్న అనుమానంతో నల్లబెల్లంపై ఉండే నిఘా, ఇవన్నీ రాష్ట్రానివే. ఢిల్లీ కబుర్లు ఎన్ని వచ్చినా ఇవి రాకపోతే ఈ ప్రాంతానికి సగమే పని జరిగినట్లు.

కబురు రాకపోతే బాధ్యత ఎవరిదన్నది కూడా ఒప్పంద పత్రంలో చదివి తీరాలి. అధికారి ముందు నిలబడవలసినది లైసెన్సు పేరు ఎవరిదో వారే.

హల్వా కొట్టు, చిన్న కిరాణా వంటివాటికి ప్రత్యేక సాఫ్ట్‌వేరు కోసం సొమ్ము పోయవలసిన అవసరం కనబడదు. విడి మిఠాయిల పళ్ళెం వద్ద, ఎప్పటిలోగా తినాలో ఆ తేదీ చూపాలన్న నిబంధన 2020 అక్టోబరు 1న వచ్చింది. బిల్లు మీద ఆహార లైసెన్సు సంఖ్య వేయాలన్నది 2022 జనవరి 1న వచ్చింది. ఇటువంటివి ఏడాదికి రెండో మూడో. పద్దులు చూసే ఆడిటరు, వర్తక సంఘం నోటీసు బోర్డు, ఒక వాట్సాప్ గ్రూపు చాలు. కాకపోతే ఆ గ్రూపులో వచ్చేది ఎవరో టైపు చేసిన సారాంశం కారాదు, సంతకం ఉన్న ఉత్తర్వు ప్రతి కావాలి.

అపరాలు, గోధుమల టోకు వర్తకులు, టర్నోవరు 5 కోట్లు దాటినవారి లెక్క వేరు. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు వారితో మొదలయిన ఈ-ఇన్‌వాయిస్ 100, 50, 20, 10 కోట్ల మెట్లు దిగి 2023 ఆగస్టు 1న 5 కోట్లకు వచ్చింది. 10 కోట్లు, ఆపైబడినవారు బిల్లును 30 రోజులలోగా పోర్టల్‌కు ఎక్కించాలన్న గడువు 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. వీరు కొనదలిస్తే ముందు ఒక త్రైమాసికం చందాకు తీసుకుని, ఆ మూడు నెలలలో వచ్చిన ఉత్తర్వులను ఆడిటరు వద్ద ఉన్న జాబితాతో పోల్చి, ఎన్ని అందాయో, ఎన్ని రోజులకు అందాయో లెక్క చూసుకుని, ఏడాది చందా బేరం ఆ పిమ్మట ఆడవచ్చును.