భయపెట్టిన నవల పడ్డ బాకీ

ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో పచ్చగా బతికే గోదావరి సీమలో పుట్టిన ఇద్దరు రచయితల రెండు నవలల్ని ఒకదాని వెంట ఒకటి చదివితే, తెలుగు వాణిజ్య నవల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. మొదటిది కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో సీరియల్‌గా మొదలైంది, 1880లో పుస్తకమైంది. కథ మొదలయ్యేది ధవళేశ్వరంలోనే. రెండోది రాజోలు బిడ్డ యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వారంవారం జనాన్ని ఊపేసిన సీరియల్ అది. రెంటి మధ్యా వందేళ్ల దూరం ఉన్నా రెండింట్లోనూ మంత్రగాళ్లున్నారు, వాళ్లను నమ్మి నలిగిపోయే కుటుంబాలున్నాయి. చదివించే శక్తిలో యండమూరికే నా ఓటు. కానీ పాఠకుడికి పడ్డ బాకీ తీర్చింది మాత్రం వీరేశలింగమే.

వీరేశలింగం నవలలో కాకతాళీయాలు మరీ ఎక్కువ. చనిపోయారనుకున్నవాళ్లు బతికొస్తారు, తప్పిపోయినవాళ్లు వేళకు ఎదురవుతారు. అక్కడక్కడా ఉపన్యాసం కథను ఆపేస్తుంది. అయినా బంగారం చేసిపెడతానన్న బైరాగి ఇంట్లో సొత్తు మూటగట్టుకుని ఉడాయించే ఘట్టం ఈనాటికీ పట్టు సడలలేదు. మోసం ఎలా జరిగిందో, ఇంటాయన ఆశ దానికి ఎలా దారి తీసిందో మన కళ్లముందే తేలిపోతుంది. ‘తులసిదళం’ సంగతి వేరు. పేరున ఆస్తి రాసి ఉన్న చిన్నపిల్ల మీద కాద్రా అనే మంత్రగాడు కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తాడు. ఆ పిల్ల పడే యాతన, తల్లి శారద, తండ్రి శ్రీధర్ పడే నరకం చదువుతుంటే గుండె దడదడలాడుతుంది. ఒకవైపు వైద్యులు, ఇంకోవైపు మంత్రాలు, రెండూ జోడుగా పరుగెత్తుతాయి. ఏది నిజమో తేల్చే పని చివరికి పాఠకుడి నెత్తిన పడుతుంది.

సందిగ్ధం కూడా కళే కదా అనొచ్చు. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’లో దయ్యాలున్నాయో లేవో ఈనాటికీ తెగలేదు, అది గొప్ప రచనే. అయితే అక్కడ కనబడిందంతా ఒక్క గవర్నెస్ చెప్పుకున్నదే. ఆమె మాట నమ్మాలా వద్దా అన్న దగ్గరే మన అనుమానం పుడుతుంది. ‘తులసిదళం’లో అలా కాదు. రచయితే మనల్ని చెయ్యి పట్టుకుని కాద్రా క్షుద్రపూజ దగ్గరికి తీసుకెళ్లి, జరిగింది జరిగినట్టు చూపిస్తాడు. కథకుడే సాక్ష్యం చెప్పాక, అదంతా మనసు ఆడించిన ఆటేమో అంటే అది సందిగ్ధం కాదు, మాట మార్చడం. దీనికీ సీరియల్ పద్ధతికీ సంబంధం ఉందని నా నమ్మకం. ప్రతి వారం చివర ఒక ఉత్కంఠ పెట్టాలి. అలా పెట్టుకుంటూ పోయిన చిక్కుముళ్లన్నీ విప్పడానికి ఆఖరి వారాల్లో జాగా చాలదు.

కాలక్షేపం నవలకు ఇంత విచారణ దేనికని ఇంకో అభ్యంతరం. కాలక్షేపానికే అయినా నియమం ఉంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కేసు ముగించాడంటే నేరం ఎవరిదో తేలాల్సిందే, తేలకపోతే పాఠకుడు ఊరుకోడు. మధుబాబు గూఢచారి షాడోను తర్కం కోసం ఎవరూ చదవరు, వేగం కోసం చదువుతారు, ఆ వేగం ఆయన ఇస్తాడు. భయానక నవలకు మాత్రం మినహాయింపెందుకు? పైగా చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదివిన నేల ఇది. ఆ పాపం ఏ నవలకూ అంటగట్టను. రచయిత్రి రంగనాయకమ్మ ‘తులసిదళం’ను తీవ్రంగా ఎండగట్టారు. ఆమె ఆగ్రహంలో న్యాయం ఉంది. కానీ నా ఫిర్యాదు నీతి కంటే ముందు రచన మీద. కాద్రా దగ్గరికి మనల్ని తీసుకెళ్లకుండా, కూతురు మెలికలు తిరిగిపోతుంటే కారణం తెలియక అల్లాడే శారద కళ్లతోనే కథంతా నడిపించి ఉంటే, మంత్రమా జబ్బా అన్న ప్రశ్న ఆ తల్లిదీ అయ్యేది, మనదీ అయ్యేది. అలాంటి నవల రాయగల సత్తా యండమూరికి నిండుగా ఉంది. ఈ నిరాశకు కారణమూ అదే.