సిలబస్ లేని బడి... పంతులుకే పరీక్ష!

హైదరాబాద్ వెళ్లిన మన పల్లెవాసులు చార్మినార్ పక్కనున్న లాడ్ బజారులో గాజులు కొనకుండా తిరిగిరారు. ఆ లక్క గాజులపై తళతళలాడే రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో అతికించాలి. పాతబస్తీ కార్ఖానాల్లో ఈ పనికి పసివాళ్లనూ పెట్టారు. 2015 జనవరిలో పోలీసులు సోదాలు జరిపి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. వారిలో ఎక్కువమంది బీహారు పల్లెల నుంచి వచ్చినవారే.

పన్నెండేళ్లు వచ్చినా అక్షరం ముక్క రాని పిల్లవాడిని ఏ తరగతిలో కూర్చోబెట్టాలి? ఒకటో తరగతిలో అయితే సిగ్గు. ఏడో తరగతిలో అయితే ఏమీ అర్థం కాదు. ఈ చిక్కు విప్పేందుకు వచ్చినవే బ్రిడ్జి కోర్సులు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో ఇలాంటి శిబిరాలకు శ్రీకారం చుట్టింది. ఈ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు లభించింది.

డజను లెక్కతో ఎక్కాలు

ఫలానా నెలలో ఫలానా పాఠం అనే పట్టిక ఇక్కడ పనికిరాదు. ఏళ్ల తరబడి పనిలో మగ్గిన పిల్లవాడు గంటసేపు పలక పట్టుకుని కూర్చోలేడు. అందుకే మొదట ఆటలు, పాటలు, కబుర్లు. బడి అంటే భయం పోయాకే అక్షరాలు. అవీ వాడి పేరుతో, ఊరి పేరుతో, బస్సు బోర్డుతో మొదలుపెట్టవచ్చు. గాజుల పని చేసినవాడికి డజను లెక్క కొట్టినపిండి. నాలుగు డజన్లు 48 అని నోటితో చెప్పేస్తాడు. కాగితం మీద పెట్టడమే రాదు. పంతులు అక్కడి నుంచే ఎక్కాలు అందుకోవాలి.

సిలబస్ లేదంటే పంతులుకు పని తేలిక అనుకోరాదు. ఎవరికి ఎంత వచ్చిందో రోజూ కనిపెట్టి మరునాటి పాఠం తానే అల్లుకోవాలి. వయసుకు తగిన తరగతికి పిల్లవాణ్ణి చేర్చడమే గమ్యం. అది తప్పితే వాడు మళ్లీ కార్ఖానా దారి పడతాడు.

చట్టం ఏమంటోంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడి మానిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడిన చదువుకు 3 నెలల నుంచి 2 ఏళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పుట్టిన తేదీ పత్రం లేదని, టీసీ రాలేదని చేర్చుకోకుండా తిప్పి పంపరాదు. 14 ఏళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా చదువు ఉచితమే.

పట్నంలో పని ఇప్పిస్తామంటూ పిల్లలను అడిగేవారు ఊళ్లోకి వస్తే 1098కు ఫోను చేయండి.