వేదిక వెనక బడి

*కచేరీల పరిశ్రమ మన కళ్లముందే పెరుగుతోంది. దాన్ని భుజాన మోసే పిల్లలకు హైస్కూలు ఏం నేర్పాలి? ఢిల్లీ సరోజినీ నగర్ నుంచి ముఖచిత్ర కథనం.*

రాత్రి పదిన్నర. సరోజినీ నగర్ క్వార్టర్ల దగ్గర వినాయక చవితి పందిట్లో పాటకచేరీ ముగిసి అరగంటయింది. పదింటికల్లా మైకు ఆగిపోవాలన్నది చట్టం. జనం పులిహోర దొన్నెలతో ఇళ్లకు వెళ్లిపోయారు. పిల్లలు తండ్రుల భుజాల మీదే నిద్రపోయారు. పందిట్లో మిగిలింది ఐదారుగురు పనివాళ్లు, ఒక టెంపో, నేలమీద చిక్కులుపడి ఉన్న వైర్లు.

పదిహేడేళ్ల కుర్రాడొకడు మైకు వైరు తీసుకుని అరచేతికీ మోచేతికీ గబగబా చుట్టేస్తున్నాడు, మనం ఇళ్లలో దండెం తాడు చుట్టినట్టే. మిక్సర్ దగ్గరున్న పెద్దాయన చూసి లేచి వచ్చాడు. అలా చుడితే లోపలి తీగ మెలిపడి తెగుతుంది బేటా అని హిందీలో చెప్పి, చుట్టంతా విప్పేశాడు. మొదటి చుట్టు మామూలుగా వేశాడు. రెండోది మణికట్టు తిప్పి లోపలివైపు నుంచి వేశాడు. ఒకటి ఇలా, ఒకటి అలా. చివరికి ఒక కొస పట్టుకుని కట్టను విసిరితే వైరంతా ఎక్కడా ముడిపడకుండా తిన్నగా పరుచుకుంది. కుర్రాడు రెండుసార్లు తప్పాడు. మూడోసారి కుదిరింది.

పలకరిస్తే చెప్పాడు. పన్నెండో తరగతి, ప్రభుత్వ బడి. పండగల రోజుల్లో రాత్రిళ్లు ఈ పని. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావంటే, ‘ఇక్కడే’ అన్నాడు.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. వాడి బడిలో ధ్వని తరంగాల పాఠం ఉంది. కరెంటు పాఠం ఉంది. ఏటా వార్షికోత్సవం జరిగే స్టేజీ కూడా ఉంది. ఈ మూడింటినీ కలిపే తరగతి మాత్రం లేదు.

పేటంతా పందిరే

సరోజినీ నగర్ ఒకప్పుడు వినయ్ నగర్. కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్ల కాలనీ. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు పేరు తర్వాత వచ్చింది. పాత క్వార్టర్లను చాలావరకు కూల్చేశాక, వాటి చోట ఆకాశమంత భవనాలు లేచాయి. మారనిది పండగ. ఉగాదికో చవితికో నాలుగు తెలుగు కుటుంబాలు కలిశాయంటే ముందు వెతికేది షామియానా వాణ్ణి, తర్వాత మైకుసెట్టు వాణ్ణి.

ఇక్కణ్ణుంచి మెట్రోలో ఒక్క స్టేషను దాటితే దిల్లీ హాట్. 1994లో మొదలైన ఆ సంతలో దేశం నలుమూలల కళాకారులూ ఆడి పాడే వేదిక ఉంది. ఇంకొన్ని కిలోమీటర్లు వెళితే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. 2024 అక్టోబరు 26, 27 తేదీల్లో దిల్జిత్ దొసాంజ్ కచేరీకి అది కిక్కిరిసిపోయింది. మూణ్ణెల్ల తర్వాత అహ్మదాబాదులో కోల్డ్‌ప్లే కచేరీకి రోజుకు లక్షమందికి పైగా వచ్చారు. ఆ వారమే, జనవరి 28న, భువనేశ్వర్ సభలో ప్రధాని కచేరీల ఆర్థిక వ్యవస్థ గురించి ప్రత్యేకంగా మాట్లాడారు. మన వైపు చూసినా అంతే. ప్రీ-రిలీజ్ ఈవెంట్ లేని తెలుగు సినిమా లేదు, సంగీత్ లేని పెళ్లి అరుదైపోయింది.

ఇంత పనికి చేతులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? ఎక్కువభాగం ఆ కుర్రాడు వచ్చిన చోటినుంచే. చూసి నేర్చుకుని, దెబ్బలు తిని నేర్చుకుని వస్తున్నాయి.

పాఠ్యపుస్తకం ఎంతవరకు వచ్చింది?

వృత్తి విద్యను మనవాళ్లు పట్టించుకోలేదని అనలేం. జాతీయ నైపుణ్య అర్హతల చట్రం 2013 డిసెంబరులో వచ్చింది. వినోద రంగానికి ఒక నైపుణ్య మండలి ఉంది. 2025 నాటికి కనీసం సగంమంది విద్యార్థులకు ఏదో ఒక వృత్తి విద్య పరిచయం కావాలని 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టింది. సీబీఎస్ఈ నైపుణ్య సబ్జెక్టుల్లో మల్టీమీడియా ఉంది, మాస్ మీడియా స్టడీస్ ఉంది. ఢిల్లీ ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన ప్రత్యేక ప్రతిభా పాఠశాలల్లో ప్రదర్శన, దృశ్య కళలకు ఒక విభాగమే కేటాయించారు.

ఇవన్నీ మంచి అడుగులే. అయితే మల్టీమీడియా పాఠం కంప్యూటర్ తెర ముందు కూర్చోబెడుతుంది. కళల పాఠం వేదిక మీద నిలబెడుతుంది. వేదిక వెనక నిలబెట్టేది ఏది? తెర మీద పొరపాటు జరిగితే మళ్లీ దిద్దుకోవచ్చు. ప్రత్యక్ష ప్రదర్శనకు రెండో టేకు లేదు. దీపం వెలగాల్సిన క్షణంలో వెలగాలి. వేలాడేది వేలాడుతూనే ఉండాలి. ఇది వేరే విద్య. దీనికి వేరే శిక్షణ కావాలి.

ఆ బడి మనకు ఒకప్పుడు ఉండేది

తెలుగువాళ్లకు ఈ మాట కొత్త కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజం ఒక కుటుంబం, ఒక కంపెనీ, ఒక బడి కూడా. అందులో పుట్టిన పిల్ల వేషం కట్టడంతో పాటే తెర లాగడం నేర్చుకునేది. ‘మాయాబజార్’లో మనుషులు గాలిలో తేలేవారు. రెండువైపుల నుంచి వచ్చిన బాణాలు నడిమధ్యన ఢీకొని నిప్పులు రాలేవి. చూసేవాళ్లకు అది మాయ. తెర వెనక వాళ్లకు అది తీగ, కప్పీ, లెక్క. ఏ క్షణంలో ఎవరు ఏ తాడు వదలాలో తెలిసిన చేతులు.

ఆ చదువులో ఒక రహస్యముంది. నటుడు వేరు, పనివాడు వేరు అన్న గీత అక్కడ లేదు. ఈ సాయంత్రం ఘటోత్కచుడు రేపు తెర వెనక తాడు పట్టుకుంటాడు. అందుకే ఎవరి ప్రాణం ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరుతోనే నడుస్తున్న కళల విభాగంలో రంగస్థలం ఒక శాస్త్రంగా బోధిస్తున్నారు. ఢిల్లీలో 1959 నుంచి జాతీయ నాటక విద్యాలయం ఉంది. అవన్నీ డిగ్రీలు దాటినవాళ్లకు. పదిహేనేళ్ల పిల్లకు, పదహారేళ్ల పిల్లాడికి సురభి ఇచ్చినది ఇవాళ ఎవరిస్తున్నారు?

ఓమ్ సూత్రానికి ఒక స్టేజీ

వేదిక వెనక పనిని బడిలో కోర్సుగా పెడితే చదువు పలచబడుతుందని కొందరు తల్లిదండ్రుల భయం. నిజం దానికి పూర్తిగా ఎదురు. ఒక చిన్న లెక్క చూడండి. పాతకాలపు వెయ్యి వాట్ల పార్ లైటు 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. అలాంటివి నాలుగు కలిపి ఒకే 16 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే పదిహేడు దాటుతుంది. ప్లగ్గు వేడెక్కుతుంది, వైరు కమురు వాసన కొడుతుంది. పదో తరగతిలో బట్టీపట్టిన కరెంటు సూత్రాలు అప్పుడు ముక్కుకు తెలుస్తాయి.

ఇంకోటి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. స్టేజీకి 34 మీటర్ల దూరంలో ఇంకో జత సౌండు బాక్సులు పెడితే, వాటిలో పాటను సెకనులో పదో వంతు ఆలస్యంగా వదలాలి. లేకపోతే వెనక వరసలో కూర్చున్న మామ్మగారికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. పదకొండో తరగతి తరంగాల పాఠాన్ని ఇంతకన్నా బాగా ఏ ప్రయోగశాల చెప్పగలదు? నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అన్న హద్దును ఫోనులోని మీటరుతో కొలిచిన పిల్లకు సైన్సూ పౌరనీతీ ఒకే పూట వస్తాయి.

ముందు నేర్పాల్సింది భద్రత

ఈ కోర్సు ఎందుకు తప్పనిసరి అని అడిగేవాళ్లకు నా దగ్గర మెరుగైన జవాబు డబ్బు గురించి కాదు.

సరోజినీ నగర్‌కు దగ్గర్లోనే గ్రీన్ పార్క్. 1997 జూన్ 13న అక్కడి ఉపహార్ సినిమా హాల్లో ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. పొగ బాల్కనీలోకి ఎక్కింది. అదనపు సీట్లు వేసి ఒక పక్క దారి మూసేయడంతో జనం బయటపడలేకపోయారు. 59 మంది చనిపోయారు. 2023 నవంబరు 25న కొచ్చి విశ్వవిద్యాలయంలో సంగీత కార్యక్రమం దగ్గర తోపులాటలో నలుగురి ప్రాణాలు పోయాయి. 2024 జనవరిలో హైదరాబాదు శివార్లలో ఒక ఐటీ సంస్థ రజతోత్సవం నాడు పైనుంచి దింపుతున్న పంజరం గొలుసు తెగి, అందులో నిలబడిన అధినేత కన్నుమూశారు. అదే ఏడాది డిసెంబరు 4న హైదరాబాదు థియేటరు దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది.

దారి మూసిన సీటు, తెగిన గొలుసు, లెక్కలేని జనం. వీటిలో ఏ ఒక్కటీ దైవఘటన కాదు. ప్రతి దాని వెనకా ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న ఉంది. ఈ వృత్తిలో రిగ్గింగ్ అంటే ఎన్నికల మాట కాదు, బరువును పైకెత్తి వేలాడదీసే విద్య. ఎంత బరువు, ఏ కొక్కెం, అది తెగితే పట్టుకునే రెండో తాడు ఏది అన్నవి అందులో మొదటి ప్రశ్నలు. వాటిని అడగగలిగే ధైర్యం కూడా నేర్పాలి.

ఆ ధైర్యానికి మన చరిత్రలో ఒక పద్నాలుగేళ్ల పిల్ల ఉంది. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో దుర్గాబాయి వాలంటీరు. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి పంపకూడదన్నది ఆమెకు చెప్పిన పని. వచ్చినాయన జవహర్‌లాల్ నెహ్రూ. ఆమె ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొని ఇచ్చాకే ఆయన లోపలికి వెళ్లారు. ఆమె పట్టుదలను నెహ్రూ మెచ్చుకున్నారు. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ స్థైర్యం ఉంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి. ఢిల్లీ పింక్ లైను మెట్రోలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరున్న స్టేషనులో ఎక్కితే మూడో స్టేషను సరోజినీ నగర్. ఆ దారిలో వెళ్లినప్పుడల్లా నాకు ఆ గేటు గుర్తొస్తుంది.

మారనిది పుస్తకంలో, మారేది పనిచోట

మరి కోర్సును ఎలా కొత్తగా రాయాలి? చిక్కంతా ఇక్కడే. పాత పార్ లైట్ల చోట ఎల్ఈడీలొచ్చాయి. మీటల మిక్సర్ల చోట తాకుతెర మిక్సర్లొచ్చాయి. వెనక గుడ్డ పరదా ఉండాల్సిన చోట ఎల్ఈడీ గోడ వెలుగుతోంది. ఈ ఏడు రాసిన పుస్తకం అచ్చయ్యేలోపే పాతబడిపోతుంది.

దారి ఒకటే. విషయాన్ని రెండుగా విడదీయాలి. ఎర్తింగ్, బరువు లెక్క, శబ్దం నడక, జనం లెక్క, బయటికెళ్లే దారులు, మైకు ముందు మాట్లాడే మనిషితో మర్యాద. ఇవి యాభై ఏళ్లయినా మారవు. వీటిని పుస్తకంలో పెట్టాలి. ఏ కంపెనీ మిక్సరు, ఏ సాఫ్ట్‌వేరు అన్నది ప్రతి ఏడూ మారుతుంది. దాన్ని పనిచోట నేర్పాలి.

బయట దేశాలూ ఈ దిక్కుకే వచ్చాయి. ఇంగ్లండులో పదహారేళ్లు నిండిన పిల్లల కోసం 2024 సెప్టెంబరులో మొదలైన మీడియా, ప్రసార టి-లెవెల్‌లో కార్యక్రమాల, వేదికల సాంకేతిక నిపుణుల శాఖ ఒకటి. కాలిఫోర్నియా హైస్కూళ్ల వృత్తి విద్యలో ప్రదర్శన కళకు ఒక దారి, నిర్మాణ నిర్వహణ కళకు ఇంకో దారి ఉన్నాయి. వేదిక వెనక పనిని కూడా చదువుగా గుర్తించడమే అక్కడ అసలు మార్పు.

నాలుగు పనులు, ఈ ఏడాదే చేయదగ్గవి

*ఒకటి:* తొమ్మిదో తరగతి నుంచి వేదిక సాంకేతికతను నైపుణ్య సబ్జెక్టుగా పెట్టాలి. మొదటి మూడు నెలలు భద్రత తప్ప ఇంకేమీ వద్దు.

*రెండు:* బడి వార్షికోత్సవమే పరీక్ష కావాలి. సౌండు, లైట్లు, గేటు, గ్రీన్ రూము అన్నీ పిల్లలే నడపాలి, పెద్దలు పక్కన నిలబడాలి.

*మూడు:* మైకుసెట్టు, షామియానా, లైటింగు పనిలో ఏళ్లు గడిపినవాళ్ల అనుభవాన్ని అర్హతగా గుర్తించి బడిలోకి పిలవాలి. ముందు నేర్చిన విద్యకు ధ్రువపత్రమిచ్చే పద్ధతి మన నైపుణ్య పథకాల్లో ఉంది. దాన్ని గురువుల ఎంపికకూ వాడాలి.

*నాలుగు:* ఆడపిల్లలకు సగం చోటు. లైటు బోర్డు నడపడానికి మీసం అక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల ఇంటర్ వృత్తి విద్యా కోర్సులకూ ఇదే మాట. పెళ్లి పందిళ్లనుంచి సినిమా వేడుకలదాకా మనకున్నంత పని ఇంకెక్కడుంది?

సోమవారం

డబ్బు లేదంటారు, సామాను లేదంటారు. చవితి రాత్రి ఆ పెద్దాయన చెప్పిన పాఠానికి కావలసింది ఒక వైరు, రెండు చేతులు, పది నిమిషాలు. ఆ ఓపిక ఉన్న గురువులు ఈ పేటలోనే ఉన్నారు. వాళ్ల తలుపు ఎవరూ తట్టలేదు, అంతే.

సోమవారం సరోజినీ నగర్ మార్కెట్టుకు వారపు సెలవు. కొట్లు మూసి ఉంటాయి, దారులు ఖాళీగా ఉంటాయి, పండగలు లేనప్పుడు మైకుసెట్టు వాళ్లకూ కాస్త తీరిక దొరుకుతుంది. బడులు మాత్రం తెరిచే ఉంటాయి. అక్కడే మొదలుపెట్టవచ్చు.